చిన్నతాత సంతకం

స్టాంపులు పోగుచేసే సరదా మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. నాకు ఆ సరదా ఆరో తరగతిలో పట్టుకున్నది. ఇప్పటికి యాభై ఏళ్ళు దాటినా వదలలేదు. ఇన్నేళ్ళలో నేను వేలకొద్దీ స్టాంపులు పోగుచేశాను, వందలకొద్దీ మార్చుకున్నాను. వాటిలో ఒక్క మార్పిడి మాత్రం తలుచుకున్నప్పుడల్లా నాకు సిగ్గూ, బాధా కలుగుతాయి. ఆ సంగతి మీకు చెబుతాను. వింటే మీరైనా నా పొరపాటు చెయ్యకుండా ఉంటారు.

మాది నిజామాబాదు జిల్లాలోని బాల్కొండ. ఆర్మూరు నుంచి నిర్మల్ వెళ్ళే దారిలో ఉన్నది. ఊళ్ళో పాత కోట ఒకటి ఉన్నది. ఊరి చుట్టూ పసుపు చేలూ, మక్క చేలూ ఉండేవి. 1969లో నాకు పదకొండేళ్ళు. అప్పట్లో మాకు దగ్గరలోనే, పోచంపాడు వద్ద, గోదావరి మీద పెద్ద ఆనకట్ట కడుతూ ఉండేవారు. 1963లో జవహర్‌లాల్ నెహ్రూ దానికి పునాదిరాయి వేశాడు. ఇవాళ మనం శ్రీరాంసాగర్ అంటున్నది దానినే. ఆ పని కోసం ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లూ, మేస్త్రీలూ వచ్చారు. వారిలో ఒక ఇంజనీరు గారు మా ఊళ్ళో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. వారి అబ్బాయి మా తరగతిలో చేరాడు.

ఒకనాడు ఆ అబ్బాయి తన స్టాంపుల పుస్తకం బడికి తెచ్చాడు. దాన్ని చూసి మాకందరికీ మతిపోయింది. ఒక పేజీలో చేపలు, ఒక పేజీలో పక్షులు, ఒక పేజీలో రాజులు, రాణులు. మూడు మూలల స్టాంపులు కూడా ఉన్నాయి. ఒక పేజీ అంతా మన దేశపు స్టాంపులే. వాటి మొదట, మూడున్నర అణాల స్టాంపు ఒకటి ఉన్నది. దాని మీద మన జెండా, ‘‘జైహింద్’’ అన్న మాట ఉన్నాయి. స్వతంత్ర భారతదేశం వేసిన మొట్టమొదటి స్టాంపు అదేననీ, 1947 నవంబరు 21న వచ్చిందనీ ఆ అబ్బాయి చెప్పాడు.

ఆ సాయంత్రం నుంచే నేనూ స్టాంపులు ఏరటం మొదలుపెట్టాను. పోస్టాఫీసు అరుగు దగ్గర నిలబడి, ఉత్తరాలు చించేవారిని కవర్లు అడిగేవాణ్ణి. భారతదేశం పటం ఉన్న నయాపైసల స్టాంపులు నాకు దోసిళ్ళకొద్దీ దొరికాయి. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు ఆ స్టాంపులు వేశారు.

కవరు మీది స్టాంపును పీకకూడదనీ, పీకితే వెనక కాగితం పొర ఊడి వస్తుందనీ ఇంజనీరు గారి అబ్బాయి నాకు నేర్పాడు. స్టాంపు చుట్టూ కాగితాన్ని కొంచెం వెడల్పుగా కత్తిరించి, చల్లని నీళ్ళలో వెయ్యాలి. కాసేపటికి జిగురు కరిగి, స్టాంపు తనంతట తానే కాగితాన్ని వదిలి వస్తుంది. దాన్ని మెల్లిగా తీసి, పాత వార్తాపత్రిక మీద బోర్లా ఆరబెట్టి, ఆరిన తరవాత బరువైన పుస్తకం కింద పెట్టాలి. అప్పుడు ముడతలు లేకుండా చదునుగా ఉంటుంది.

ఆ అబ్బాయి ఇంకొక సంగతి కూడా చెప్పాడు.

‘‘మన దగ్గర ఉన్న స్టాంపు చిరిగిందో, మరకపడిందో ఉంటే, అటువంటిదే మంచిది దొరికినప్పుడు పాతదాన్ని తీసేసి మంచిదాన్ని పెట్టాలి. దీన్ని అప్‌గ్రేడు చెయ్యటం అంటారు. మా నాన్న అట్లాగే చేస్తాడు. అందుకే మా పుస్తకం అంత బాగుంటుంది,’’ అన్నాడు.

ఈ మాట నాకు బాగా నచ్చింది. నా పుస్తకం కూడా అట్లా తళతళలాడాలని ఆశపడ్డాను. ఆ ఆశే నన్ను తాత సందుగ దాకా తీసుకుపోయింది.

మా తాతకు ఒక ఇనప సందుగ ఉండేది. అందులో భూమి కాగితాలూ, పన్ను రసీదులూ, పాత స్టాంపు కాగితాలూ ఉండేవి. తాళం చెవి దేవుడి గూట్లో ఉంటుందని నాకు తెలుసు. ఒక మధ్యాహ్నం తాత చేనుకు పోయాడు. బాపమ్మ నిద్రపోతున్నది. నేను సందుగ తెరిచాను.

కాగితాల అడుగున, బట్టలో చుట్టిన కవరు ఒకటి కనిపించింది. లోపల ఉత్తరం లేదు, ఉత్త కవరే. దాని మీద గోధుమరంగు స్టాంపు ఉన్నది. స్టాంపులో చార్మినారు బొమ్మ! నేను అటువంటి స్టాంపు అంతకు ముందు చూడలేదు. కాని దాని ఒక మూల కొంచెం చిరిగి ఉన్నది. పైగా మీద నల్లని సిరా ముద్ర ఒకటి పడి, చార్మినారు మినారులు రెండింటిని కప్పేసింది. ఆ ముద్రలో ఏవో వంకర గీతలున్నాయి. నాకవి మసి మరకల్లాగా కనిపించాయి.

నేను కవరు తీసుకుని, సందుగ మూసేశాను. పెరట్లో గోలెం దగ్గరికి పోయి, కవరును కత్తిరించటమైనా చెయ్యకుండా, మొత్తం చెంబు నీళ్ళలో ముంచాను. తొందర అటువంటిది! కొంచెం సేపటికి స్టాంపు విడివడి వచ్చింది. కాని నీళ్ళు నీలంగా మారాయి. కవరు మీద రాసిన అక్షరాలన్నీ కరిగిపోయాయి. మెత్తబడిన కవరును నేను ఉండచుట్టి పెంటకుప్పలో పారేశాను.

మర్నాడు బడిలో ఆ స్టాంపును ఇంజనీరు గారి అబ్బాయికి చూపించాను. వాడి దగ్గర అటువంటివే రెండున్నాయి. ఒకటి అసలు వాడనిది, జిగురు కూడా అట్లాగే ఉన్నది. నేను వాడి దగ్గర లేని రకాలు నాలుగు, వాటితోపాటు తాత స్టాంపూ ఇచ్చాను. వాడు నాకు ఆ కొత్త చార్మినారును ఇచ్చాడు. నాకంటె అదృష్టవంతుడు బాల్కొండలోనే లేడనుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. పెత్రమాస వచ్చింది. పెత్రమాస నాడు మా ఇంట్లో చనిపోయిన పెద్దలను తలుచుకుని, వారి పేరిట బియ్యం, కూరగాయలు ఇస్తాము. ఆ ఉదయం తాత స్నానం చేసి వచ్చి, సందుగ తెరిచాడు. చాలాసేపు వెతికాడు. తరవాత వాకిట్లోకి వచ్చి, ‘‘సందుగల లిఫాఫా ఒకటుండాలె. ఎవరన్న తీసిన్రా?’’ అని అడిగాడు.

ఇంట్లో ఎవరూ పలకలేదు. నా కాళ్ళు వణికాయి. తాత నా మొహం చూశాడు. ఆయనకు అర్థమైపోయింది.

‘‘నువ్వు తీసినవా కొడుకా?’’ అన్నాడు.

నేను లోపలికి పరిగెత్తి, కొత్త చార్మినారు స్టాంపును తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

‘‘తాతా, నీ టికెట్టు చినిగింది. మసి కూడ అంటింది. నేను దాన్నిచ్చి, గిసొంటిదే కొత్తది తెచ్చిన. చూడు, ఎంత మంచిగున్నదో!’’ అన్నాను.

తాత ఆ స్టాంపును అరచేతిలో పెట్టుకుని చూశాడు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ‘‘మరి లిఫాఫా ఏది?’’ అని మాత్రం అడిగాడు. నేను చెంబు సంగతీ, నీలపు నీళ్ళ సంగతీ చెప్పాను. తాత అరుగు మీద కూచుండిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగటం నేను మొదటిసారి చూశాను.

‘‘అది మసి కాదు బిడ్డా,’’ అన్నాడు తాత, కొంతసేపయిన తరవాత. ‘‘అది ఉర్దూల బోధన్ అని రాసిన మొహరు. నీకు ఆ చదువు రాదు గనుక మసి అనుకున్నవు. లిఫాఫా మీద నా పేరు తెలుగుల రాసింది మీ చిన్నతాత. వాని చేతిరాత ఇంట్ల అదొక్కటే ఉండె.’’

అప్పుడు నాకు మొత్తం తెలిసింది. తాతకు ఒక తమ్ముడుండేవాడు. 1937లో బోధన్ దగ్గర నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఏర్పడింది. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్ళతో ఆ ప్రాంతమంతా చెరుకు తోటలయింది. ఆ ఫ్యాక్టరీలో పని దొరుకుతుందని విని చిన్నతాత బోధన్ పోయాడు. పని దొరికింది. ఆ సంతోషంలో అన్నకు ఉత్తరం రాశాడు. పై విలాసం ఉర్దూలో ఎవరిచేతనో రాయించి, దాని కింద తన చేత్తో తెలుగులో అన్న పేరు రాశాడు. కొన్నేళ్ళకు చలిజ్వరం వచ్చి చిన్నతాత పోయాడు. ఫొటో లేదు. ఉత్తరాన్ని చెదలు తినేశాయి. మిగిలింది ఆ కవరు ఒక్కటే. ఏటా పెత్రమాస నాడు తాత దాన్ని తీసి, ఒకసారి చూసుకుని, మళ్ళీ బట్టలో చుట్టి పెట్టేవాడు.

నేను బువ్వ తినకుండా ఇంజనీరు గారి ఇంటికి పరిగెత్తాను. స్టాంపైనా తిరిగి వస్తే దాని మీద ఉన్న బోధన్ ముద్ర తాతకు దక్కుతుంది గదా! ఆ అబ్బాయి జాలిపడ్డాడు. కాని వాడు అప్పటికే దాన్ని వేరే ఊళ్ళో ఉన్న తన మేనబావకు కవరులో పంపేశాడు. రాసి తెప్పిస్తానన్నాడు. మేనబావ కూడా దాన్ని మరొకరికి ఇచ్చేశాడని కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. వాడి తప్పేమీ లేదు. మార్చుకున్నది నేను. కొన్ని నెలలకు వాళ్ళ నాన్నకు బదిలీ అయి వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను స్టాంపుల పుస్తకాన్ని అటక మీద పారేశాను. ఇక ఆ జోలికి పోకూడదనుకున్నాను.

నేను స్టాంపులు మానేశానని తాత కనిపెట్టాడు. సంక్రాంతి సెలవల్లో ఒక సాయంత్రం నన్ను పిలిచి, తానే సందుగ తెరిచి, మడతపెట్టిన చిన్న కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చాడు. నేను ముట్టుకోవటానికి భయపడ్డాను.

‘‘పట్టు. విప్పి చూడు,’’ అన్నాడు.

అదొక రసీదు. పైన ఏవో నాలుగు వరసలు రాసి ఉన్నాయి. కింద ఒక అణా రసీదు బిళ్ళ అంటించి ఉన్నది. దాని రంగు వెలిసిపోయింది. ఒక పక్క చిల్లుల అంచు సగం తెగిపోయింది. బిళ్ళ మీద నుంచి, ఇటు కాగితం నుంచి అటు కాగితం దాకా, పెద్దపెద్ద తెలుగు అక్షరాలతో ఒక సంతకం ఉన్నది. అక్షరాలు ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతున్నాయి.

‘‘ఇది మీ చిన్నతాత దస్కతు,’’ అన్నాడు తాత. ‘‘బోధన్ పోయే ముందు ఎడ్లజతను అమ్మినం. వాని పాలు పైకం వానికిచ్చిన. అన్నదమ్ముల నడుమ రసీదేందిరా అంటే, లెక్క లెక్కనే అన్నడు. అసలు సంగతేందంటే, వానికి అప్పుడప్పుడే దస్కతు పెట్టుడొచ్చింది. దాన్ని నాకు చూపియ్యాలె. అందుకని బిళ్ళ కొనుక్కొచ్చి మరీ పెట్టిండు.’’

తాత నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

‘‘లిఫాఫా మీద వాని రాత అదొక్కటే అన్నవు గద తాతా?’’ అని అడిగాను.

‘‘ఇది ఉన్న సంగతి నేను మర్చిపోయిన. అది పోయినంక, సందుగంత తిరగేస్తే ఇది దొరికింది. ఇగ ఇది నీ దగ్గర పెట్టుకో. టికెట్లు జమ చేసేటోనివి, నీకు దాచుడు తెలుస్తది,’’ అన్నాడు.

ఒకసారి పోగొట్టినవాడికే ఆయన రెండోసారి అప్పగించాడు. ఆ రోజున అటక మీది నుంచి పుస్తకం దించాను.

తాత దగ్గర కూచుని ఆ సంవత్సరం నేను ఉర్దూ అక్షరాలు నేర్చుకున్నాను. పాత ముద్రల మీద ఊళ్ళ పేర్లు చదవటానికి ఆ కాస్త చదువూ చాలింది. తరవాత పెద్దవాణ్ణయి, పుస్తకాలు చదివి, నిజాం స్టాంపుల చరిత్ర తెలుసుకున్నాను. అందులో కొంత మీకూ చెబుతాను.

ప్రపంచంలో మొదటి తపాలా స్టాంపు 1840లో ఇంగ్లండులో వచ్చింది. దాని పేరు పెన్నీ బ్లాక్. దానికి అంచున చిల్లులుండేవి కావు, కత్తెరతో కత్తిరించుకోవలసిందే. మన దేశంలో 1852లో సింధు రాష్ట్రంలో ‘‘సిండే డాక్’’ అనే స్టాంపులు వచ్చాయి. హైదరాబాదు రాజ్యం తన సొంత స్టాంపును 1869లో వేసింది. ఆ రాజ్యంలో టప్పా, అంటే తపాలా, నిజాం ప్రభుత్వానిదే. 1871లో వేసిన స్టాంపుల మీద వెలను ఫార్సీ లిపిలో, ఇంగ్లీషులో, మరాఠీలో, తెలుగులో ముద్రించారు. అంటే నూట యాభై ఏళ్ళ క్రితమే స్టాంపు మీద తెలుగు అక్షరాలు ఎక్కాయన్నమాట!

ఈ స్టాంపులు నిజాం రాజ్యం లోపలనే చెల్లేవి. బోధన్ నుంచి బాల్కొండకు రాసే ఉత్తరానికి సరిపోతాయి గాని, మద్రాసుకో బొంబాయికో రాయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించవలసిందే. డబ్బు కూడా అంతే. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా రూపాయి వేరు, బ్రిటిష్ వారి కల్దారు రూపాయి వేరు. చిన్నతాత పుచ్చుకున్నవి హాలీ రూపాయలే.

నేను పోగొట్టుకున్న చార్మినారు స్టాంపు 1931లో మొదలైన వరసలోది. అంతకు ముందు స్టాంపుల మీద అక్షరాలూ, అల్లికలూ తప్ప బొమ్మలు లేవు. ఈ వరసలో ఒక అణాకు చార్మినారు, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాలకు అజంతా గుహల ద్వారం, పన్నెండణాలకు బీదరు మదరసా, రూపాయికి దౌలతాబాదు కోటలోని విజయస్తంభం వేశారు. వాటిని వరసగా పెట్టి చూస్తే, ఒక్క పేజీలో రాజ్యమంతా తిరిగి వచ్చినట్టుంటుంది. 1937లో నిజాం రజతోత్సవానికి మరి నాలుగు స్టాంపులు వేశారు. వాటిలో ఒకదాని మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఒకదాని మీద ఉస్మానియా ఆసుపత్రి ఉన్నాయి. 1947లో వేసిన మూడణాల స్టాంపు మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం ఉన్నది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు, రాష్ట్ర చిహ్నంలో ఈ తోరణాన్నీ, దాని నడుమ చార్మినారునూ ఉంచారు. స్టాంపులు ఏరేవారికి ఆ రెండూ ఎప్పటి నుంచో పాత నేస్తాలే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1950 ఏప్రిల్ 1 నుంచి అక్కడ కూడా భారతదేశపు స్టాంపులే చెల్లాయి.

ఇక రసీదు బిళ్ళ సంగతి. తపాలా స్టాంపు ఉత్తరం మోసినందుకు కూలి. రసీదు బిళ్ళ అట్లా కాదు, అది సర్కారుకు కట్టే సుంకం. నిజాం ప్రభుత్వం 1915లో అర్ధణా, అణా బిళ్ళలను ‘‘పోస్ట్ అండ్ రిసీట్’’ అని అచ్చువేసి, ఉత్తరానికీ రసీదుకూ ఒకటే పనికి వచ్చేట్టు చేసింది. బ్రిటిష్ ఇండియాలో 1899 నాటి స్టాంపుల చట్టం ప్రకారం ఇరవై రూపాయలు దాటిన రసీదుకు ఒక అణా బిళ్ళ ఉండాలి. ఆ చట్టమే మార్పులతో ఇప్పటికీ నడుస్తున్నది. ఇప్పుడు అయిదు వేల రూపాయలు దాటిన రసీదుకు ఒక రూపాయి బిళ్ళ కావాలి.

బిళ్ళ మీద నుంచి సంతకం ఎందుకు పెడతారో తెలుసా? ఒకసారి వాడిన బిళ్ళను ఊడదీసి మళ్ళీ వాడకుండా. పోస్టాఫీసు వారు స్టాంపు మీద ముద్ర కొట్టేది కూడా అందుకే. అంటే స్టాంపును పాడుచెయ్యటం ఆ ముద్ర పని! కాని ఆ పాడుచేసిన గుర్తే, అది ఏ ఊళ్ళో, ఎవరి చేతి మీదుగా, ఏ రోజున నడిచిందో మనకు చెబుతుంది. వాడని స్టాంపుకు వయసుంటుంది గాని కథ ఉండదు.

దీనికి పెద్ద ఉదాహరణ ఒకటి ఉన్నది. దక్షిణ అమెరికాలో బ్రిటిష్ గయానా అనే దేశం ఉండేది. 1856లో లండను నుంచి స్టాంపులు వచ్చే ఓడ ఆలస్యమయింది. అక్కడి పోస్టుమాస్టరు ఊళ్ళోని పత్రికల అచ్చాఫీసులో నాసి కాగితం మీద స్టాంపులు వేయించాడు. దొంగ స్టాంపులు పుట్టకుండా, పోస్టాఫీసు గుమాస్తాలు వాటి మీద తమ పొడి అక్షరాలు రాసేవారు. 1873లో వెర్నన్ వాన్ అనే పన్నెండేళ్ళ కుర్రవాడికి ఇంట్లోని పాత కాగితాల్లో అటువంటి ఒక సెంటు స్టాంపు దొరికింది. నాలుగు మూలలూ కత్తిరించి ఉన్నాయి, మీద సిరా గీతలు. ఇంతకంటె మంచివి కొనుక్కోవచ్చునని, ఆ కుర్రవాడు దాన్ని ఆరు షిల్లింగులకు అమ్మేశాడంటారు. కాని అటువంటి ఒక సెంటు స్టాంపు ప్రపంచంలో మరొకటి బయటపడలేదు! 2014లో న్యూయార్కు వేలంలో అది సుమారు 95 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని మీద ఆ గుమాస్తా గీసిన పొడి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ కథ చదివినప్పుడు నాకు వెర్నన్ మీద ఎంతో జాలి కలిగింది. వాడు నావంటి వాడే. కాని వాడు పోగొట్టుకున్నది డబ్బు. నేను పోగొట్టింది తాతకు తమ్ముడి చేతిరాత. దాన్ని ఏ వేలంలోనూ కొనలేము.

అట్లా అని మంచి స్టాంపు కోసం వెతకటం తప్పని నేననను. అప్‌గ్రేడు చెయ్యటంలో ఉన్న సంతోషం ఆ పని చేసినవారికే తెలుస్తుంది. కాకతీయ తోరణం స్టాంపు నాకు మొదట దొరికినప్పుడు దాని నడుమ చీలిక ఉన్నది. ఆరేళ్ళకు చీలిక లేనిది దొరికింది గాని, దానికి ఒక పక్క చిల్లుల అంచు మొండిగా ఉన్నది. మరి తొమ్మిదేళ్ళకు, నిజామాబాదులో ఒక పాత పుస్తకాల కట్టలో, నాలుగు అంచులూ నిండుగా ఉండి, వరంగల్ ముద్ర గుండ్రంగా, స్పష్టంగా పడినది దొరికింది. వరంగల్ తోరణం మీద వరంగల్ ముద్ర! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పాతవి రెండూ ఊళ్ళో ఇద్దరు పిల్లలకు ఇచ్చాను. వారి పుస్తకాలు వాటితోనే మొదలయ్యాయి.

మంచి చెడ్డలు పోల్చేటప్పుడు స్టాంపును పటకారుతో పట్టుకోవాలి. వేళ్ళ జిడ్డు అంటకూడదు. భూతద్దంతో నాలుగు అంచులూ చూడాలి. రెండు సెంటీమీటర్ల పొడవున ఎన్ని చిల్లులున్నాయో లెక్కపెట్టాలి. బొమ్మ ఒకటే అయినా చిల్లుల లెక్క మారితే అది వేరే రకం కావచ్చు. రంగు ఛాయ పోల్చాలి. వెనక కాగితం పలచబడిందేమో వెలుతురుకు పెట్టి చూడాలి. వీటన్నిటి కంటె ముందు చూడవలసింది ముద్ర. ముద్ర చదవలేకపోతే, చదవగలవారు దొరికే దాకా ఆ స్టాంపును ఎవరికీ ఇవ్వకండి. పాత కవరు దొరికితే కవరుగానే ఉంచండి. పాత సిరా నీళ్ళలో నిలవదు. రసీదు నుంచి బిళ్ళను ఊడదియ్యకండి. అన్నిటికంటె ముఖ్యం, ఇంట్లో పెద్దలను అడగకుండా వారి పెట్టెలో చెయ్యి పెట్టకండి. అడిగితే స్టాంపుతోపాటు దాని కథ కూడా చేతికి వస్తుంది.

పెద్దలకు కూడా ఒక మాట. మీ ఇంట్లో పాత కాగితాలు మూటగట్టి చిత్తుకాగితాలవాడికి వేసే ముందు, ఒక ఆదివారం పిల్లలను పక్కన కూచోబెట్టుకుని వాటిని తిరగెయ్యండి. ఆ సంతకం ఎవరిదో, ఆ పైకం దేనికో మీకు తప్ప మరెవరికీ తెలియదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది. చిన్నతాత పనిచేసిన బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నిరుడు పెత్రమాస నాడు నేను స్టాంపుల పుస్తకం తీశాను. పక్కన మా మనవరాలు కూచున్నది. అయిదో తరగతి చదువుతున్నది. మొదటి పేజీలో ఎడమపక్క ఆ కొత్త చార్మినారు, కుడిపక్క రసీదు ఉన్నాయి. చార్మినారు ఇప్పటికీ తళతళలాడుతూనే ఉన్నది. దాని కింద ఒక స్టాంపు పట్టే చోటు ఖాళీగా వదిలాను.

మనవరాలు రసీదు మీద వేలు పెట్టబోయి, పటకారు గుర్తుకు వచ్చి చెయ్యి వెనక్కు తీసుకున్నది.

‘‘తాతా, ఈ బిళ్ళ ఎలిసిపోయింది, ఒక దిక్కు తెగింది. నీకు ఇంతకంటె మంచిది ఇన్నేండ్లల్ల దొరకలేదా?’’ అని అడిగింది.

‘‘మంచివి చాలా దొరికినయి బిడ్డా,’’ అన్నాను. ‘‘వాటి మీద మా తాత తమ్ముని దస్కతు లేదు.’’

అది కొంచెంసేపు ఆ వంకర అక్షరాలను కూడబలుక్కుని పైకి చదివింది. ఎనభై ఏళ్ళ క్రితం పోయిన మనిషి పేరు మా ఇంట్లో మళ్ళీ వినిపించింది. తరవాత అది ఖాళీ చోటు చూపించి, ‘‘మరి ఇక్కడ ఏముండె?’’ అన్నది.

నేను దానికి చెంబు కథ చెప్పటం మొదలుపెట్టాను.